బావ మెడలో దండ

బుధవారం, రాత్రి

సర్పంచ్ ఓట్ల లెక్కింపు అయిపోయింది. పశువులు మేసే బీడును ఫ్యాక్టరీకి అప్పగిస్తానన్న తిరుపతయ్యే గెలిచాడు. ఊళ్లో వద్దన్నవాళ్లే ఎక్కువ. ఏం లాభం? వాళ్ల ఓట్లను ఫ్యాక్టరీ వద్దంటూనే నిలబడ్డ చెన్నయ్యా, మా బావా (మా ఆయనకు అన్న) చెరి సగం చీల్చుకున్నారు. "నన్నొక మాట అడగకుండ చెన్నడు నామినేషన్ ఎట్లేస్తడు?" అన్నదొక్కటే బావ పోటీకి కారణం. అబ్బో, ఎంత సిద్ధాంతమో!

వనపర్తి కాలేజీలో చదివే నా కూతురు అన్నాల దగ్గర ఉండబట్టలేక చెప్పింది.

"కొన్ని దేశాలల్ల మొదటి ఇష్టం, రెండో ఇష్టం రెండూ రాస్తరు పెద్దనాయనా. ఎవరికీ సగం దాటకుంటె, అందరికంటె తక్కువొచ్చినోని ఓట్లు, ఆ ఓటేసినోళ్లు రాసిన రెండో ఇష్టానికి పోతయి. ఈడ గట్లుంటే చెన్నయ్య ఓట్లు నీకొచ్చి నువ్వే గెలుస్తుంటివి."

"చెన్నని ఎంగిలి ఓట్లతోనా? నాకక్కర్లే! వానికంటె నాకు నాలుగు ఎక్కువొచ్చినయి, సాలు."

బీడు పోయింది. ఈయనకు నాలుగు ఓట్లు మిగిలాయి.

ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఊరేగింపులో తిరుపతయ్య తన మెడలోని బంతిపూల దండ తీసి బావకు వేశాడు. "అన్నా, నువ్వు నిలవడకుంటే నేనేడ గెలుస్తుంటి!" అన్నాడు. జనమంతా పగలబడి నవ్వారు. బావ మాత్రం అది మర్యాదనుకుని ఇంటిదాకా మెడలోనే ఉంచుకున్నాడు. పడుకోబోతూ నా చేతికిచ్చి, "పైలంగ దాచిపెట్టమ్మా" అన్నాడు.

పొద్దున బర్రె ముందు వేస్తాను. ఇక దాని మేత అదే కదా.