తుఫాను ఖాతాలో రాసిన చావు

రాంబాబూ,

నీ చావు మీద మళ్లీ దర్యాప్తు చెయ్యమని అమలాపురం కోర్టు నిన్న చెప్పింది. తుఫానులో నావ బోల్తాపడి పోయావన్న పోలీసుల కథ ఇన్నేళ్లకి చెల్లలేదు.

రొయ్యల చెరువుల వాళ్లమీద నువ్వు వేసిన కేసు వాయిదాకి ముందురోజే తుఫాను రావడం వాళ్లకెంత కలిసొచ్చిందో ప్రతి సభలోనూ అరిచాను. హత్యని గాలివాన మీదకి తోసేస్తారా అని కరపత్రాలు వేశాను. ఎవడు విన్నాడు? నిన్న మీ ఆవిడ మంగ బోనెక్కి నాలుగు మాటలంది.

"తుఫానంటే మేం నావని ఒడ్డుకి లాగి, బోర్లించి, కొబ్బరిచెట్టుకి కట్టేస్తామండి. ఆరోజు ఆయనే కట్టేరు. గాలి తగ్గేక చూస్తే కట్టింది కట్టినట్టే ఉందండి. మరి బోల్తాపడింది ఏ నావండీ?"

జడ్జి కలం పక్కన పెట్టి మరీ విన్నాడు. ఈ మాట నేనెన్నిసార్లు రాయలేదు! నేను చెబితే ఉపన్యాసం, ఆమె చెబితే సాక్ష్యం.

బయట విలేకరులు ఆమె చుట్టూ మూగారు. ఒకడు నాతో, "చనిపోయినాయనకి మీరేమవుతారండీ?" అన్నాడు. స్నేహితుణ్ణన్నాను.

"ఆయ్, అయితే కాస్త పక్కకి జరగండి. ఫొటోలో మీరు అడ్డొస్తన్నారు."

మంగ చూసి, "అన్నయ్యగారూ, మీరూ ఇలా రండి" అని పిలిచింది. వెళ్లలేదు. కుళ్లు, ఇంకేముంది?

హంతకులు దొరకాలి. దాని కోసం ఇప్పుడూ గొంతు చించుకుంటాను. కానీ దొరికిన రోజున నువ్వు ఆమె భర్తవి మాత్రమే అవుతావు. కేసు తేలనన్నాళ్లూ నువ్వు నావాడివి, రాంబాబూ.