చుక్కల చాటున తెలుగు

షామ్‌బర్గ్

వదినకి,

ముందు నువ్వు కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

నీ మేనకోడలు రేణు తన కంప్యూటరు లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు పెట్టింది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారట. వాళ్ళ ఆఫీసులో తయారవుతున్న, ఇంకా బజారులోకి రాని కొత్త సిస్టమ్‌ని అందులో వేసి చూస్తారు. లోపలిది పాడైనా పైదానికి ఏమీ కాదంది. నాకు నమ్మకం కుదరక పక్కనే కూర్చున్నాను. అందులో తెలుగు నడుస్తుందని సాయంత్రంలోగా చూపించకపోతే తెలుగునే తీసేస్తామన్నారట ఆఫీసులో. దాని ఉద్యోగమే ఆ తెలుగు పని.

తీరా చూస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది. మొదటినుంచీ మళ్ళీ ఎక్కించినా అదే మాట. కొట్టిందల్లా చుక్కలుగానే పడుతోంది. తాళం వేశాక కూడా లాగి చూసుకునే మనిషిని కదా, ఊరుకోలేకపోయాను.

"ఆ చుక్కల కింద నువ్వు కొట్టిందే పడిందంటావా, అమ్మడూ?"

"అమ్మా, ప్లీజ్, డిస్టర్బ్ చేయకు," అంది. అంతలోనే చేతులు ఆపేసింది. "ఆగాగు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు కీబోర్డ్ తెలుగులో ఉంది కదూ."

అప్పుడు పాస్‌వర్డ్ పెడితే చుక్కల కింద తెలుగు అక్షరాలు పడ్డాయట, ఇప్పుడు ఇంగ్లీషువి పడుతున్నాయట. తెలుగుకి మార్చి అవే మీటలు కొట్టింది. తెరుచుకుంది వదినా, తెర నిండా మన అక్షరాలే.

చెప్పకుండా కీబోర్డుని ఇంగ్లీషులోకి మార్చేసిన తప్పు సిస్టమ్‌దేనని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. తెలుగును ఉంచుతున్నారు. ఎలా పట్టుకున్నావని అడిగితే, "మా అమ్మకి అనుమానం ఎక్కువ," అందట.

ఇన్నేళ్ళూ ఆ మాట తిట్టుగానే విన్నాను. అన్నయ్యకి ఈ ముక్క గట్టిగా చదివి వినిపించు.

నీ ఆడపడుచు