తోకకు కట్టిన తాడు

అక్టోబర్ 19

నాకు అక్షరం రాదు. ఊరికి ఉత్తరాలు పంచే దేసంకా రాస్తోంది. నా మాటను మెత్తబరిస్తే కాఫీ ఉండదని ముందే చెప్పాను.

నా కొడుకు స్వెతోజార్ పొలాలకు మందు చల్లే చిన్న విమానం నడిపేవాడు. అయిదో తారీకున దిగుతుంటే కోషవా గాలి పక్కనుంచి కొట్టింది. రెక్క నేలను తాకి విమానం బోర్లాపడింది. వాడు పోయాడు. ఈ రోజు విచారణ రిపోర్ట్ వచ్చింది. గాలి ఎటు వీస్తోందో పైలట్ చూసుకోలేదట.

రన్‌వే పక్క స్తంభానికి ఎగురుతూ గాలి దిక్కు చూపే గాలిసంచిని ముప్ఫై ఏళ్లు కుట్టింది నేను. దాని తోక చూడకుండా వాడు ఏనాడూ దిగలేదు.

అక్టోబర్ 20

కోషవా లేస్తే మూడు రోజులు, కాదంటే ఏడు, కాదంటే ఇరవై ఒకటి. నా కోపానికి ఆ లెక్క లేదు.

అక్టోబర్ 27

విమానాల మైదానానికి పెద్ద అయిన మిలోయె గాలిసంచి పంపాడు, చిరిగింది, కుట్టిపెట్టమని. అలవాటు కొద్దీ నాకే పంపాడు. బుద్ధి గడ్డి తిన్నది.

ఇది నా కుట్టు కాదు. ఈమధ్యే ఏదో విత్తనాల కంపెనీ ఇచ్చింది, వాళ్ల పేరు పెద్ద అక్షరాల్లో ఉందని దేసంకా చదివింది. తోక అంచున కన్నం. అందులో నీలం తాడు ముక్క, ముడితో సహా.

దేసంకాకు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో తారీకున కంపెనీవాళ్లు ఫోటోలు తీసుకున్నారట. పేరు కనబడాలని మిలోయె ఆ తోకను రన్‌వే వెంట లాగి గుంజకు కట్టాడట. విప్పలేదన్నమాట. పైనుంచి చూసిన నా కొడుక్కి గాలి ఎదురుగా ఉన్నట్టే కనబడింది. విచారణ చేసేవాళ్లు వచ్చేసరికి తాడు తెగి, సంచి మామూలుగా ఎగురుతోంది.

నవంబర్ 2

మిలోయె వచ్చి కుట్టు అయిందా అని అడిగాడు. తనూ విమానం నడిపేవాడే. వాడు పోయిన నలభయ్యో రోజుకి అవుతుంది, సమాధి దగ్గరికి వాడి పేరిట గోధుమలు తినడానికి రా నాయనా అన్నాను. తలూపాడు.

నవంబర్ 13

ఊరంతా వచ్చింది. ఒక్కొక్కరే ఉడికించిన గోధుమలు చెంచాడు తిని, దేవుడు వాణ్ణి క్షమించుగాక అన్నారు. మిలోయె వంతు రాగానే పళ్లెం ఎత్తాను. కింద పరిచింది ఆ సంచినే.

“ఈ ముడి ఎవరిది? చెప్పి తిను.”

చెంచా గాల్లోనే ఆగింది. అయ్యవారు కూడా ప్రార్థన ఆపి చూస్తున్నారు.

“నాదే అవ్వా. విప్పడం మరిచాను. విమానం పడ్డాక కోసేశాను.”

ఆ మాట దేసంకా కాగితం మీద రాసింది. అతను సంతకం పెట్టాడు. అప్పుడూ నేను గోధుమలు పెట్టలేదు.

డిసెంబర్ 4

రిపోర్ట్ మార్చారు. మిలోయెను పదవినుంచి తీసేశారు, విమానం మాత్రం నడుపుతున్నాడు. నడపనీ. కొత్త గాలిసంచి కుట్టి ఎక్కించాను, స్వెతోజార్ ఎర్ర పనిచొక్కాతో. చొక్కా చేతిని కత్తిరించకుండా తోకగా ఉంచాను. ఇక మిలోయె దిగాలంటే గాలి ఎటో ముందు వాణ్ణి అడగాలి.