కార్యదర్శి బ్యాడ్జి

తల్లీ స్వప్నా,

ఈ రోజు కర్నూలులో మీ కాలేజీ ప్రతిభా విద్యార్థుల సంఘానికి కొత్త కార్యవర్గం వచ్చింది. వార్త రాయడానికి మా పత్రిక నుంచి నేనే వెళ్లాను. దిగిపోయేవాళ్లు తమ బ్యాడ్జి తీసి కొత్తవాళ్లకు పెట్టడం మీ ఆనవాయితీ కదా. పదవిలో ఉండగానే నువ్వు పోయావు కాబట్టి, కార్యదర్శి వంతు వచ్చేసరికి పెట్టే మనిషి లేదు. ప్రిన్సిపాల్ నీ బ్యాడ్జి చేతిలోకి తీసుకున్నారు. కొత్త కార్యదర్శి, పత్తికొండ అమ్మాయి రేచల్ వెనక్కి జరిగింది.

"అక్కోళ్ల నాయన ఆడ కూర్చోనుండాడు సార్. ఆయప్పే పెట్టల్ల. లేకుంటే నాకొద్దు."

వార్తకు వెళ్లిన సభలో నేనెప్పుడూ వేదిక ఎక్కలేదు. ఈ రోజు ఎక్కాను. పిన్ను సరిగా పట్టలేకపోయాను.

"మెల్లగా నాయనా, నాకు గుచ్చుకుంటాంది" అని రేచల్ నవ్వింది. "సాయంత్రం ఫెయిలైన పిల్లోళ్లకు లెక్కలు చెప్పల్ల. అక్క యాడ ఆపిందో ఆడి నుంచే చెప్తా."

ఆఫీసుకొచ్చి వార్త రాశాను. బ్యాడ్జి ఎవరు పెట్టారో రాయకపోతే వార్త పూర్తి కాదు. పూర్వ కార్యదర్శి తండ్రి అని రాశాను. పూర్వ కార్యదర్శి ఎవరో కూడా చెప్పాలి. నీ పేరు ముందు 'దివంగత' అని మొదటిసారి రాశాను తల్లీ.

నాన్న