మసి కనపడే తెలుపు

సెప్టెంబర్ 9, శనివారం

ఈ రోజు మా ఇంట్లో ఒక సామ్రాజ్యం కూలింది. ఫైర్‌ప్లేస్ చుట్టూ ఉన్న డెబ్బైల నాటి గోధుమరంగు ఇటుక, దాని ఇత్తడి అంచుల గాజు తలుపులు, అన్నీ మధ్యాహ్నానికల్లా ట్రక్కు వెనక్కి చేరాయి. మిగిలింది గోడలో ఒక నల్లటి నోరు. పెదాలు లేవు.

చేయమన్నది అమ్మ. పందొమ్మిదేళ్లుగా ఆ ఇటుకని తిడుతూ వచ్చిన మనిషి, మొన్న భోజనాల దగ్గర ఉన్నట్టుండి, చలి రాకముందే దాని చుట్టూ కొత్తగా కట్టించేద్దాం ఆర్లెన్ అంది. నాన్న ఫోర్కు కింద పెట్టేశాడు. మళ్లీ పెళ్లి చేసుకుందామా అని అడిగినట్టు వెలిగిపోయింది ఆయన ముఖం.

భావితరాల కోసం నమోదు చేయాల్సిన సంగతి ఒకటుంది. మా నాన్న మొదలుపెట్టిన పని పూర్తి చేయడు. నేలమాళిగలో సగం కట్టిన సౌనా, అంటే ఆవిరిస్నానం గది, ఉంది, అందులో పెయింటు డబ్బాలు చెమట పట్టకుండా కూర్చుంటాయి. వెనక చెక్క డెక్‌కి మూడు వైపులే రెయిలింగ్. నాలుగో వైపు దేవుడి దయ.

ఇక నేను. పేరు బ్రీటా, వయసు ఇరవై మూడు. మధ్యయుగ చరిత్రలో డిగ్రీ. ఉద్యోగాలు కూడా ఆ యుగంలోనే ఉండేవట. ప్రస్తుతం పొద్దున పూట కాఫీ షాపు, మధ్యాహ్నం నుంచి నాన్నకి కూలీ.

సెప్టెంబర్ 13, బుధవారం

నీలం టేపు యుద్ధం మొదలైంది.

ఫైర్‌ప్లేస్ నెత్తిన వచ్చే మాంటెల్ పలక ఎంత ఎత్తులో రావాలో చూసుకోవడానికి నాన్న గోడ మీద నీలం టేపు అంటించాడు. సోమవారం సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి, ఒక్క మాట అనకుండా, టేపుని నాలుగంగుళాలు కిందికి దింపింది. మంగళవారం అది మూడంగుళాలు పైకి పోయింది. ఈ రోజు ఒక అంగుళం కిందికి.

ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని వాతావరణం చూస్తారు. టేపు గురించి ఎవరూ మాట్లాడరు. నేను ఐక్యరాజ్య సమితిని. తీవ్ర ఆందోళన వ్యక్తం చేసి పడుకుంటున్నాను.

సెప్టెంబర్ 17, ఆదివారం

గ్యారేజీలోంచి తొమ్మిది బకెట్ల రాళ్లు బయటికి వచ్చాయి. సరస్సు ఒడ్డున మా పెదనాన్నకి కాస్త నేల ఉంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాన్న రెండు మూడు ఏరుకొచ్చేవాడు. ఎందుకని అడిగితే, ఎప్పటికైనా ఫైర్‌ప్లేస్ చుట్టూ పెడతాననేవాడు. ఈ "ఎప్పటికైనా" ఇన్నేళ్లకి పచ్చిక మీద పరుచుకుంది. బూడిదరంగు, తుప్పు ఎరుపు, లోపల ఆకుపచ్చ దాగిన నలుపు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోదాన్నీ తిప్పి, దేని పక్కన ఏది కూర్చుంటుందో చూస్తూ సాయంత్రం దాకా ఉండిపోయాడు. చలికాలమంతా సిటీ వాళ్ల మంచు తోసే స్నోప్లౌ నడిపే చేతులవి. అంత మెల్లగా కదలగలవని నాకు తెలీదు.

ఒక నల్ల రాయి నా చేతిలో పెట్టి, దీని వయసు నూట పది కోట్ల ఏళ్లు ప్రొఫెసరూ, నీ మధ్యయుగాలు దీనికి నిన్న సాయంత్రం అన్నాడు. డిగ్రీ వచ్చిన దగ్గర్నుంచీ నన్ను ప్రొఫెసర్ అంటాడు. ఎగతాళే. కాస్త గర్వం కూడా కలుస్తుంది.

అమ్మ కిటికీలోంచి చూసి కర్టెన్ వేసేసింది.

సెప్టెంబర్ 23, శనివారం

అమ్మతో టైల్స్ షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకున్న పెద్దాయన. ఫైర్‌ప్లేస్ కోసం అనగానే, బేరానికొచ్చిన అందరినీ అడిగేదేనన్నట్టు, తల ఎత్తకుండా అడిగాడు.

"ఉండటానికా, అమ్మడానికా?"

అమ్మ తెల్ల టైల్ ఒకదాన్ని చేతిలో పట్టుకుని ఉంది. నేను నవ్వబోయాను. ఉండటానికే, మా నాన్న ఇంకా సౌనా పూర్తి చేయాలి కదా అని జోకు కూడా సిద్ధం చేసుకున్నాను.

"అమ్మడానికి," అంది అమ్మ.

ఆయన, అయితే ఇదే తీసుకోండమ్మా, చూడగానే ఇల్లు శుభ్రంగా కనపడుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు అని తెల్లది ఒకటి శాంపిల్‌గా కట్టిచ్చాడు.

కారు స్టార్ట్ చేయకుండా పార్కింగ్‌లో కూర్చున్నాం. వంతెన అవతల సుపీరియర్ ఊళ్లో అమ్మ ఒక ఫ్లాట్ చూసుకుందట. జనవరి నుంచి. ఒక్కతే. నాన్న లేని పూట ఇళ్లమ్మే ఏజెంట్ వచ్చి చూసి, మిగతాదంతా సర్దేయొచ్చు గానీ హాల్లో అడుగు పెట్టగానే ఆ ఫైర్‌ప్లేసే కనపడుతోంది, ముందు దాన్ని బాగు చేయించండి అన్నాడట.

నాన్న ఏం చేశాడని అడిగాను. అమ్మ స్టీరింగ్ మీద చేతులు పెట్టింది.

"ఇరవయ్యారేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదే. ఒక్క తలుపు కూడా పూర్తిగా బిగించలేదు. ఒక్క పనైనా పూర్తవడం చూసి పోదామనుంది నాకు."

అయ్యేదాకా నాన్నకి చెప్పొద్దంది. తెలిస్తే ఆపేస్తాడట. అయ్యాక తనే చెప్తానంది. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో ఈ డైరీకి కూడా చెప్పలేను.

సెప్టెంబర్ 24, ఆదివారం

నాన్నకి గుడ్‌మార్నింగ్ చెప్పాను. అది కూడా అబద్ధంలా వినిపించింది.

సెప్టెంబర్ 30, శనివారం

ఈ రోజు చేసిన పనికి మధ్యయుగాల్లో అయితే చేతులు నరికేవాళ్లు. కనీసం ఒకటి.

నాన్న గోడకి పూర్తి కొలతల అట్ట అంటించి దాని మీద రాళ్ల బొమ్మలు గీస్తున్నాడు. అమ్మ వంటింట్లోంచి నా వైపు చూసింది. టేపు యుద్ధంలో ఆఖరి రాయబారం నాదే అని అర్థమైంది.

వెళ్లి నాన్న పక్కన కూర్చుని, అమ్మకి తెల్ల టైలంటే ప్రాణం అని మొదలుపెట్టాను. పళ్ల డాక్టరు దగ్గర రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లు కడుగుతుంది, ఇంటికొచ్చాక కడిగిన నోరు ఒక్కటి చూడాలని ఉండదా అన్నాను. నాన్న పెన్సిలు చెవి మీద పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. బాగా పేలిన జోకుల్లో అదొకటి.

నవ్వు ఆగాక, ఆవిడ చెప్పిందా, నువ్వు చెబుతున్నావా అని అడిగాడు.

ఆవిడే అన్నాను.

అట్ట మీది గీతల్ని కాసేపు చూసి, సరే అన్నాడు. అట్ట ఊడదీసి నాలుగు మడతలు పెట్టాడు. అంతే. నేను మూడు గంటలు వాదించడానికి సిద్ధపడి వెళ్లాను.

అక్టోబర్ 8, ఆదివారం

రాళ్లు వెనక్కి తీసుకెళ్లి పెట్టేద్దాం, ట్రక్కు ఎక్కు అన్నాడు నాన్న.

గ్యారేజీలో ఉంటే ఏం అన్నాను. అడ్డం అన్నాడు. ఇన్నేళ్లు అడ్డం కానివి.

ఒడ్డున చెవులు తెగే గాలి. దూరంగా ఇనుప ఖనిజం ఓడ ఒకటి కూత వేసి వెళ్లిపోయింది. నేను త్వరగా తేల్చేద్దామని ఒక రాయి నీళ్లలోకి విసిరాను. విసరకు, దెబ్బ తగులుతుంది అన్నాడు. నూట పది కోట్ల ఏళ్లు ఏ దెబ్బా తగలనట్టు. అప్పట్నుంచి ఇద్దరం వంగి ఒక్కోటే పెట్టాం. కొన్నింటికి చోటు కూడా గుర్తుంది ఆయనకి. ఇది ఆ చెట్టు మొదట్లోది, ఇది ఆ పగులు దగ్గరిది అని అక్కడికే నడిచాడు. తొమ్మిది బకెట్లకి రెండు గంటలు పట్టింది.

ఒకటి జేబులో వేసుకోబోయాను. వద్దన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రేడియోలో ఫుట్‌బాల్. మనవాళ్లు ఓడిపోయారు. ముభావంగా ఉండటానికి ఇద్దరికీ అది వంకగా పనికొచ్చింది.

అక్టోబర్ 21, శనివారం

ఒప్పుకుని తీరాలి, మా నాన్న పనిమంతుడు.

అడుగు వరస వదిలేసి, గోడకి అడ్డంగా ఒక బద్ద కొట్టి, రెండో వరస నుంచి పైకి పెట్టుకుంటూ వచ్చాడు. నేల ఎప్పుడూ సమంగా ఉండదు, అడుగు వరసని ఆఖర్న కొలిచి కోసి పెట్టాలి అన్నాడు. పళ్లున్న తాపీతో, టైల్స్ అంటించే మోర్టార్‌ని దువ్వెనతో దువ్వినట్టు గీస్తాడు. టైల్ ఆనించి, కొంచెం తిప్పి, నొక్కుతాడు. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు చూస్తే స్కేలు సిగ్గుపడాలి. నా పని తడిగుడ్డతో తుడవడం, అప్పుడప్పుడూ చరిత్ర చెప్పడం.

మాంటెల్ పలక కూడా బిగించాడు. ఎత్తు అమ్మ టేపు పెట్టిన చోటే.

అమ్మ కోటు విప్పకుండా, బ్యాగు భుజాన ఉండగానే నిలబడి చూసింది. చాలా బాగుంది ఆర్లెన్ అంది. ఈ ఇంట్లో ఆ వాక్యం నాకు తెలిసి మొదటిసారి. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. నేను తడిగుడ్డ పిండుకోవడానికి బాత్రూమ్‌లోకి వెళ్లి అక్కడే ఉండిపోయాను.

అక్టోబర్ 29, ఆదివారం

అడుగు వరస కూడా అయిపోవచ్చింది. ఎడమ మూల ఒక్క టైల్ మిగిలింది. కోసేశాడు. న్యూస్‌పేపర్లో చుట్టి ముందున్న గట్టు మీద పెట్టాడు. నడుం పట్టింది, రేపు పెడతానన్నాడు.

అక్టోబర్ 31, మంగళవారం

మొదటి మంచు. నాన్నకి ప్లౌ డ్యూటీ. హాలోవీన్ మిఠాయిలకొచ్చిన పిల్లల వేషాలన్నీ మందపాటి కోట్ల కిందే. ఒక దెయ్యం గుమ్మంలోంచి హాల్లోకి తొంగి చూసి, అక్కడ ఒక పన్ను ఊడిపోయింది అంది.

నవంబర్ 5, ఆదివారం

మంచు లేదు. నడుం బాగైంది. కట్టర్ బ్లేడు మొద్దుబారిందన్నాడు.

టైల్ కోసేసి వారం అయింది.

నవంబర్ 9, గురువారం

ఆయన ఇంట్లో లేనప్పుడు న్యూస్‌పేపర్ విప్పి టైల్ ఆ ఖాళీలో పెట్టి చూశాను. అచ్చంగా సరిపోయింది. మళ్లీ చుట్టి పెట్టేశాను.

నవంబర్ 12, ఆదివారం

ఇప్పుడు సాయంత్రాలు ఇలా గడుస్తున్నాయి. అమ్మ పని నుంచి వచ్చి, కోటుతోనే సోఫా అంచున కూర్చుని ఆ మూల చూస్తుంది. నాన్న వచ్చి రెండో అంచున కూర్చుని టీవీ చూస్తున్నట్టు ఆ మూలే చూస్తాడు. మూడంగుళాల ఖాళీ. దాంట్లో మేం ముగ్గురం కాపురం ఉంటున్నాం.

అమ్మ చిక్కిపోయింది. అంట్లు సర్దుతుంటే నా వెనక నిలబడి, చూశావా, ఇదీ అంతే అంది. గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు. ఇది పూర్తయ్యేదాకా నోరు విప్పనని తనకి తనే మాటిచ్చుకుంది, ఇదేమో పూర్తి కాదు. వెళ్లనూ లేదు, ఉండనూ లేదు. కోటు విప్పకపోవడం అందుకే అని నాకు ఈ రోజే తట్టింది. నాది మరీ చురుకైన బుర్ర కదా.

ఆ టైల్ అక్కడ పడితే ఈ ఇల్లు పోతుంది. పడకపోతే ఆవిడ కోటులోనే ఉండిపోతుంది.

నవంబర్ 14, మంగళవారం, మధ్యాహ్నం 1:20

పెట్టేశాను.

షాపులో తలనొప్పి అని చెప్పి వచ్చాను. డబ్బా మీద రాసినట్టే మోర్టార్ కలిపాను, పెరుగులా వచ్చేదాకా. తాపీతో గీసి, ఆనించి, కొంచెం తిప్పి, నొక్కాను. తుడిచాను.

అదే రోజు, 5:45

నాన్న ముందొచ్చాడు. బూట్లు విప్పుతూ చూశాడు. ఒక బూటుతోనే వచ్చి గట్టు ముందు కూర్చుని, టైల్ అంచున బొటనవేలు ఆనించాడు. కింద మోర్టార్ ఎక్కువైంది, వెంట్రుకవాసి పైకి లేచింది అన్నాడు. ఇంకా పచ్చిగానే ఉంది. గోరు దూర్చి లాగితే వచ్చేస్తుంది. ఆయన గోరు అంచు దాకా వెళ్లింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉండేవాళ్లెవరూ ఇంత తెలుపు పెట్టుకోరు ప్రొఫెసరూ. మసి కనపడుతుంది. ఈ మాత్రం నాకు తెలీదనుకున్నారా మీరిద్దరూ?"

ఎప్పట్నుంచి తెలుసని అడిగాను. మీరు శాంపిల్ తెచ్చిన రోజు నుంచీ అన్నాడు. అంటే నేను వేసిన "కడిగిన నోరు" జోకుకి నవ్వినప్పుడు తెలుసు. రాళ్లు మోసినప్పుడు తెలుసు. మరి రాళ్లెందుకు వెనక్కి పెట్టేశావంటే, కొనుక్కునేవాళ్లు చెత్తలో పోస్తారు అన్నాడు. మరి ఇదంతా ఎందుకు కట్టావంటే, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూశాడు.

"మీ అమ్మ అడిగింది కదా."

ఆఖరిది మాత్రం నావల్ల కాలేదు, నువ్వు పెట్టావు, మంచిదే అన్నాడు. రెండో బూటు విప్పడం మర్చిపోయి వంటింట్లోకి వెళ్లాడు.

నవంబర్ 16, గురువారం

పొద్దున నాన్న సందుల్లో గ్రౌట్ నింపాడు. సాయంత్రం అమ్మ ఆయనకి చెప్పింది. నేను కింద సౌనాలో పెయింటు డబ్బాల మధ్య కూర్చున్నాను. కుర్చీలు జరిగిన చప్పుడు, తర్వాత అమ్మ గొంతు, తర్వాత ఏమీ లేదు. కోడిగుడ్డు ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

పైకి వెళ్లేసరికి ముగ్గురికీ ప్లేట్లు పెట్టి ఉన్నాయి. ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్. అమ్మ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. కళ్లు వాచి ఉన్నాయి, భుజాలు మాత్రం ఎన్నో నెలల తర్వాత కిందికి దిగాయి. గ్రౌట్ చాలా సమంగా వచ్చిందంది. నాన్న ఆవిడకి ఉప్పు అందిస్తూ, నాలుగు వారాలు మంట వేయకూడదు, వచ్చేవాళ్లకి చెప్పు లినెట్ అన్నాడు.

చెప్తానంది.

డిసెంబర్ 6, బుధవారం

ఇంటి ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టారు. తొమ్మిదో ఫొటోలో మా ఫైర్‌ప్లేస్‌లో పెద్ద మంట. ఎవరూ వేయలేదు. కంప్యూటర్లో అతికిస్తారట, చూసేవాళ్లకి వెచ్చగా అనిపించాలని.

నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. చిమ్నీ మూత మూసే ఉంది, పొగంతా ఇంట్లోకి కొడుతుంది అన్నాడు. లేచి వెళ్లి కిటికీ తెరిచాడు. బయట మంచు పడుతోంది.

నేనూ ఆ పొగకి దగ్గాను.