ముబారక్ పట్టు

నరసరావుపేట,
మంగళవారం.

కోటేశు బావకి,

మీ కబడ్డీ లీగ్ సెలక్షన్‌కి వస్తున్న మా కాలేజీ ముబారక్ గురించి పీడీగా నా అభిప్రాయం రాయమన్నావు. ఫారం నింపి పంపాను. అందులో రాయలేనిది ఒకటుంది.

లెఫ్ట్ కార్నర్‌లో వాడిలాంటి వాణ్ని మన వైపు నేను చూడలేదు. అవసరమైతే కూతకూ వెళతాడు. మట్టి మీద నేర్చినా మ్యాట్ మీద జారడు. అయితే ఈమధ్య కూతకొచ్చినవాడి చీలమండ అందుకుని, అర క్షణం ముందే వదిలేస్తున్నాడు. స్కోరు చూసేవాళ్లకు అది తెలియదు. నీకు తెలిసిపోతుందనే నా భయం.

మొన్న తిరునాళ్ల పోటీల్లో వాడి పట్టుకు, కూతకొచ్చిన కుర్రాడి మోకాలు పోయింది. పట్టు సరైనదే. రిఫరీని నేనే. ఆ కుర్రాడు మా హేమంత్. మోకాలి సంగతి నీకు తెలుసు, పట్టు ఎవరిదో చెప్పలేదు.

ముబారక్ రోజూ అడుగుతాడు: "ఏంది సార్, హేమంత్ గ్రౌండుకు రావట్లే?"

"బాగానే నడుస్తున్నాడ్రా. ఈపూరులో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్నాడు" అంటాను.

కర్ర లేకుండా గుమ్మం దాటలేని కొడుకు వీడి కంటపడకూడదనే అక్కడ ఉంచాను. మీ చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది.

సెలక్షన్‌లో వాడు పట్టు వదిలితే వెంటనే పంపించెయ్యకు బావా, ఇంకోసారి పట్టమను. హేమంత్ ఎలా ఉన్నాడని నిన్నూ అడుగుతాడు. మొన్ననే చూశాను, పరుగెత్తుతున్నాడని చెప్పు. నా మొహం చూసి వాడు నమ్మటం లేదు.

ఇట్లు,
నీ పాత రైట్ కార్నర్