ఉప్పు వేయని గొట్టం

ఫిబ్రవరి 8
మళ్ళీ నీలం! ఉప్పు వేయని గాజు గొట్టం నీలంగా మారకూడదు. మారింది.
మేక కిడ్నీ కణాల పొరలో కూర్చుని, లోపలికొచ్చిన ఉప్పును బయటికి తోసే ఎంజైమ్ ఇది. ఉప్పు తగిలితేనే లేవాలి. లేస్తేనే మేం కలిపే మందు నీలం. మా దగ్గర ఊరికే లేచి కూర్చుంది మహాతల్లి. ఎమ్మెస్సీ ప్రాజెక్టంతా ఈ ఒక్క గొట్టం మీదే ఉంది. గైడ్ మేడమ్ ఒక్క మాటే అన్నారు — "సున్నా దగ్గర సున్నా రాకపోతే వైవాకి పంపను."

ఫిబ్రవరి 9
సున్నా అని రాసేద్దాం, ఎవరు చూస్తారు అన్నాను. సలీమా నా చేతిలో పెన్ను లాక్కుంది.
"గొట్టం అబద్ధం చెప్తలేదే. ఉప్పు యాడికెల్లి వచ్చిందో మనకే తెల్వదు."
ప్రాజెక్టులో నా జత. వాళ్ళ అబ్బా మటన్ షాపు నుంచి కిడ్నీలు తెచ్చేది తనే. ఈ పిల్ల మొండితనానికి ఒళ్ళు మండుతుంది. ముద్దూ వస్తుంది.

ఫిబ్రవరి 10
నీళ్ళు మార్చాం. గాజు సామానంతా మళ్ళీ కడిగాం. నీలమే.

ఫిబ్రవరి 11
కాలేజీ ఫ్రిజ్ పాడైనప్పటి నుంచి కిడ్నీ రాత్రికి మా ఇంటి ఫ్రిజ్‌లోనే. ఇవాళ సలీమా వచ్చి డబ్బా మూత తీసింది. వంగి చూసింది. అంచున పసుపు!
"ఆంటీ, దీనికి ఏమన్న పూసిండ్రా?"
అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరగను కూడా తిరగలేదు. "అవ్. కడిగి ఉప్పు, పసుపు పట్టిచ్చిన. మాంసం ఊకెనే పెడ్తరా ఎవరన్న? మా ములకలపల్లిల ఫ్రిజ్‌లుండెనా?"
నెత్తి పట్టుకున్నాను. సలీమా నేల మీద కూలబడి నవ్వింది, కళ్ళ నీళ్ళొచ్చేదాకా.
ఆ కిడ్నీ వేపుడైంది. బాగుంది కూడా.

ఫిబ్రవరి 13
కొత్త కిడ్నీ. షాపు నుంచి సీదా ల్యాబుకి.
ఉప్పు వేయని గొట్టం — నీళ్ళలా ఉంది. కొంచెం వేస్తే లేత నీలం. ఇంకొంచెం... అబ్బ, ఏం నీలం! మరీ ఎక్కువ పోస్తే మళ్ళీ వెలవెల. కంటికి కనిపించని దానికి ఎంత తెలివి! దాని రుచి దానికుంది. సలీమాని పట్టుకుని ల్యాబులోనే గెంతాను.

ఫిబ్రవరి 15
రిపోర్టులో సలీమా ఒక పేజీ చేర్చింది. మొదటి కిడ్నీలకు ఇంట్లో ఉప్పు పట్టించారు, ఆ అంకెలు లెక్కలోకి రావు — అని.
"పిచ్చా నీకు? మేడమ్ చంపేస్తది."
"చంపనీ. జరిగిందే గదా."
అదే పేజీ కింద థాంక్స్. అమ్మ పేరు.

ఫిబ్రవరి 16
రేపు వైవా. బైండింగ్ షాపు ముందు మళ్ళీ అడిగాను, ఆ పేజీ తీసేద్దామని. సలీమా కాగితాలు నా చేతిలో పెట్టింది.
"తీస్తే తియ్యి. మీ అమ్మ పేరు గూడ దాంట్లనే ఉంది."
ఆటో ఎక్కి పోయింది.
తీయలేదు. భయంగా ఉంది... అమ్మకి తన పేరున్న పేజీ ఇంకా చూపించలేదు.